దూరపు వేటకి బోల్ట్ యాక్షన్ రైఫిల్: లెక్క జంతువు ఛాతీ దగ్గర మొదలుపెట్టండి

రైఫిల్ కొనాలనుకునేవాళ్ళు ముందు అడిగేది "ఏ క్యాలిబర్ మంచిది?" అని, అంటే గొట్టం వ్యాసం ఎంత, దానికి తగ్గ తూటా ఏది అని. ఆ తర్వాత "ఏ కంపెనీది?" అని. రెండూ అడగాల్సినవే, కానీ వాటి వంతు తర్వాత వస్తుంది. దూరం నుంచి వేటాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ పిడిని చేత్తో వెనక్కి లాగి, ముందుకి తోసేది) ఎంపిక జంతువు ఛాతీ దగ్గర మొదలై, వెనక్కి మీ భుజం దాకా రావాలి. ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎంత వెడల్పు? బులెట్ అక్కడికి చేరేసరికి ఎంత వేగం మిగిలి ఉండాలి? ఆ వేగం ఇచ్చే తూటా (బులెట్, మందు, డొక్కు కలిసిన మొత్తం) ఏది? ఆ తూటా వెనక్కి తన్నే తన్నుకి మీ భుజం, మీ కళ్ళు తట్టుకుంటాయా? ఈ వరుసలో వస్తే చివరికి మిగిలే తుపాకీలు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో ఏది తీసుకున్నా తప్పు కాదు.

ఇదంతా అమెరికాలో లైసెన్సుతో వేటకి వెళ్ళే మనవాళ్ళ కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, అందులో సందేహం లేదు. టెక్సస్‌లో పరిస్థితి వేరు. మన మనుబోతు అక్కడ నీల్‌గాయ్ పేరుతో దక్షిణ టెక్సస్ ముళ్ళపొదల్లో మందలుగా తిరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, రెండూ అక్కడి రాంచ్‌లలో పెరుగుతున్నాయి. బయటి నుంచి తెచ్చిన జంతువులు కాబట్టి వాటికి వేట సీజన్ అంటూ లేదు, హంటింగ్ లైసెన్సు మాత్రం ఉండాలి. చాలామంది తెలుగువాళ్ళు మొదట వాటితో మొదలుపెట్టి, తర్వాత కొలరాడోలో మ్యూల్ డీర్, ఎల్క్ (అక్కడి జింక జాతులు, ఎల్క్ బాగా పెద్దది) వైపు చూస్తారు. ఈ రెండింటికీ పనికొచ్చే రైఫిల్ గురించే ఇక్కడి మాటలన్నీ.

కొట్లోకి వెళ్ళేముందు చట్టం సంగతి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి వీసా తరఫున అడ్డంకి లేదు. హెచ్-1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. ఇక్కడ "గడువు తీరని" అన్న మాట చాలా ముఖ్యం. టెక్సస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1 ఉదయం కొత్త లైసెన్సు లేకుండా రైఫిల్ ఇంట్లో అలమారలో ఉంటే, మీరు బయటికి తీయకపోయినా మినహాయింపు పోయినట్టే. ఆగస్టులోనే కొత్తది తీసుకోండి, పాతది కూడా దాచండి. మీ వీసా పరిస్థితిలో ఏ కాస్త మెలిక ఉన్నా వకీలుని అడిగాకే కొనండి. వీటితో పాటు హంటర్ ఎడ్యుకేషన్ ఉంటుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళకి అది తప్పనిసరి.

రాష్ట్రాన్ని బట్టి రైఫిల్ ఎంపికే మారిపోతుంది. న్యూజెర్సీలో జింకల వేటకి సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటా అడుగు మధ్యలో కొట్టి పేల్చేది, ఇక్కడ చెప్పేవన్నీ అవే) కుదరదు. ఒహాయోలో సన్నమెడ తూటాలు జింకలకి పనికిరావు, నిటారు గోడ ఉన్న తూటాలే వాడాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేట అంతటికీ సీసం లేని బులెట్లే. ఐడాహోలో పెద్ద జంతువుల వేటకి తుపాకీ బరువు అన్నీ కలిపి 16 పౌండ్లు దాటకూడదు. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల (బులెట్ బరువు కొలత) బులెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి. మీరు వేటాడబోయే రాష్ట్రం నియమాల పుస్తకం ఆ ఏడాదిది తెరిచి, రైఫిల్ పేజీ చదివాకే మిగతా సంగతి.

ఛాతీ, వేగం, గాలి

జింక ఛాతీలో మనం గురిపెట్టాల్సిన చోటు 8 నుంచి 10 అంగుళాల వృత్తం. ఎల్క్‌కి ఇంకాస్త పెద్దది. మనుబోతుకి శరీరం పెద్దదే గానీ చర్మం మందం, ఎముక గట్టిది, గుండె ముందుకాళ్ళ మధ్యకి ఇంకా ముందుగా, కిందగా ఉంటుంది. జింకకి అలవాటుగా భుజం వెనకాల పెట్టే గురి మనుబోతుకి పెడితే బులెట్ కడుపు వైపు పోతుంది. దెబ్బతిన్న మగ మనుబోతు పొదల్లో ఎంత దూరం పోతుందో ఆ రాంచ్‌ల గైడ్లని అడిగితే చెప్తారు. వాళ్ళు పెద్ద తూటా తెమ్మనేది అందుకే.

ఇక వేగం. వేట బులెట్ పని లోపల విచ్చుకోవడం. విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు కనీస వేగం ఉండాలి. పలచటి రాగి తొడుగు, లోపల సీసం ఉన్న దూరపు బులెట్లు సెకనుకి 1800 అడుగుల దగ్గర కూడా విచ్చుకుంటాయి. పూర్తిగా రాగితో చేసినవి, సీసాన్ని తొడుగుకి అతికించి చేసినవి గట్టివి, వాటికి 2000 అడుగులు చూసుకోవడం మంచిది. అంతకంటే వేగం తగ్గితే బులెట్ సన్నటి చిల్లు పెట్టి అటునుంచి వెళ్ళిపోతుంది. జంతువు చస్తుంది, కానీ వెంటనే కాదు, మీకు దొరికే చోటా కాదు. శక్తి ఎన్ని అడుగు-పౌండ్లు అని లెక్కేసే అలవాటు అందరికీ ఉంది. నా దృష్టిలో తగిలే వేగం అంతకంటే నమ్మదగిన కొలత.

ఒక తూటాని దగ్గరగా చూద్దాం. 6.5 క్రీడ్‌మోర్, 2007లో వచ్చింది. 143 గ్రెయిన్ల ఈఎల్‌డీ-ఎక్స్ (ఒక రకం వేట బులెట్) బులెట్ గొట్టం నుంచి సెకనుకి 2700 అడుగులతో బయటికొస్తుంది. 300 గజాల దగ్గర సుమారు 2285 మిగులుతుంది, 500 దగ్గర 2030. 200 గజాలకి సరిగ్గా గురి పెట్టుకుంటే 300 దగ్గర 8 అంగుళాలు కిందికి దిగుతుంది, 400 దగ్గర 23, 500 దగ్గర సుమారు 46. ఈ దిగుడు గురించి భయపడాల్సిన పనిలేదు, ఎందుకంటే ఇది లెక్కకి దొరుకుతుంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంటే స్కోప్ (తుపాకీ మీది దుర్బిణి) గుండీ తిప్పి సరిచేస్తాం. రేంజ్‌ఫైండర్ లేకుండా కంటి అంచనాతో 500 అనుకున్నది నిజానికి 520 అయితే ఆ 20 గజాలకే 5 అంగుళాలకి పైగా కిందికి పోతుంది. కాబట్టి మంచి రేంజ్‌ఫైండర్‌కి డబ్బు మిగలని బడ్జెట్‌లో రైఫిల్ కొనకండి.

లెక్కకి దొరకనిది గాలి. గంటకి 10 మైళ్ళ అడ్డగాలికి ఈ బులెట్ 300 గజాల దగ్గర 5 అంగుళాలు పక్కకి పోతుంది, 500 దగ్గర 15. ఇప్పుడు పెద్ద తూటాతో పోల్చండి. 2022లో వచ్చిన 7 మిల్లీమీటర్ల పీఆర్‌సీ, 175 గ్రెయిన్ల బులెట్, 3000 అడుగుల వేగం. అదే గాలికి 500 దగ్గర సుమారు 11 అంగుళాలు. అంటే అంత మందు, అంత తన్ను, అంత ధర పెట్టి గాలిలో మిగుల్చుకున్నది 4 అంగుళాలు. 500 గజాల దగ్గర గాలిని 4 మైళ్ళు తప్పు చదివితే 6.5 తో పోయేది 6 అంగుళాలు. లోయ మధ్యలో గాలి ఇటు 6 మైళ్ళు, అటు 12 మైళ్ళు వీస్తున్నప్పుడు 4 మైళ్ళ తప్పు ఎవరైనా చేస్తారు. పెద్ద తూటా ఆ తప్పుని కాస్త చిన్నది చేస్తుంది, పూర్తిగా తీసెయ్యదు.

ఇంకోటి, బులెట్ గాలిలో ఉండే సమయం. 6.5 క్రీడ్‌మోర్ 500 గజాలు చేరడానికి 0.64 సెకను పడుతుంది. మెల్లగా, గంటకి 3 మైళ్ళ చొప్పున నడిచే ఎల్క్ ఆ లోపల దాదాపు మూడడుగులు జరుగుతుంది. మీరు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నిలబడే ఉంది, బులెట్ దారిలో ఉండగా ఒక్క అడుగు ముందుకేసింది. ఊపిరితిత్తులకి వెళ్ళాల్సింది కడుపులోకి వెళ్ళింది. ఏ రైఫిలూ దీన్ని సరిచెయ్యలేదు. చాలామందికి 400 గజాలే హద్దుగా ఉండాలని నేను గట్టిగా అనేది ఇందుకే.

తూటా, మెలిక, తన్ను

ఈ లెక్కంతా చూశాక తూటా ఎంపిక సులువు. కృష్ణజింక, చుక్కల జింక, వైట్‌టెయిల్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ వరకు 400, 450 గజాల లోపల అయితే 6.5 క్రీడ్‌మోర్ సరిపోతుంది. 1952 నుంచి ఉన్న 308 విన్‌చెస్టర్ కూడా ఇదే పని చేస్తుంది, గాలికి కాస్త ఎక్కువ కొట్టుకుపోతుంది, కానీ ఏ పల్లెటూరి కొట్లో అడిగినా తూటాలు దొరుకుతాయి. ఎల్క్, మనుబోతు ముఖ్యమైతే 7 మిల్లీమీటర్ల పీఆర్‌సీ గానీ, 1963 నాటి 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ గానీ చూడండి. మధ్యలో 6.5 పీఆర్‌సీ ఉంది. క్రీడ్‌మోర్ బులెట్‌నే మరో 260 అడుగుల వేగంతో పంపుతుంది.

తన్ను మాటేంటి? స్కోప్‌తో కలిపి 8.5 పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ తన్ను సుమారు 13 అడుగు-పౌండ్లు. 308కి 17, 6.5 పీఆర్‌సీకి 18, 7 మిల్లీమీటర్ల పీఆర్‌సీకి 25, 300 మాగ్నమ్‌కి 30. అదే రైఫిల్ 7 పౌండ్లకి తగ్గితే ఈ అంకెలన్నీ ఐదో వంతు పెరుగుతాయి. 20 దాటాక చాలామంది తెలియకుండానే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకుంటారు, భుజం ముందుకి నెడతారు. దీన్ని కనిపెట్టడం తేలిక. రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) స్నేహితుడి చేత మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే అరలో) ఖాళీ డమ్మీ తూటాలు మీకు తెలియకుండా కలిపించండి. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ మొన కిందికి దూకిందంటే, అసలు తూటాకీ అలాగే దూకుతోందన్నమాట. అప్పుడు చిన్న తూటాకి దిగడం తప్ప ఆ రైఫిల్‌తో ఇంకా కాల్చడం వల్ల మేలు జరగదు.

మజిల్ బ్రేక్ (గొట్టం మొనకి బిగించే చిల్లుల ముక్క) తన్నుని బాగా తగ్గిస్తుంది, కానీ శబ్దాన్ని పక్కలకి, వెనక్కి విసురుతుంది. చెవి రక్షణ లేకుండా బ్రేక్ ఉన్న మాగ్నమ్ ఒక్కసారి కాల్చినా వినికిడి దెబ్బతినొచ్చు, పక్కనున్న గైడ్‌కి కూడా. సప్రెసర్ తన్నునీ శబ్దాన్నీ రెండింటినీ తగ్గిస్తుంది. దానికి ఫెడరల్ అనుమతి కావాలి, కొన్ని రాష్ట్రాల్లో అసలు కుదరదు. ఇప్పుడు కొనకపోయినా గొట్టం మొనకి మరలు కోసిన రైఫిల్ తీసుకుంటే తర్వాత దారి తెరిచి ఉంటుంది. 308, 6.5 లకి మామూలుగా వచ్చేది 5/8-24 మర.

గొట్టం లోపలి మెలిక (బులెట్‌ని తిప్పే చుట్టు గాడులు) దగ్గర చాలామంది పొరపాటు పడతారు. పొడవాటి, సన్నమొన బులెట్ గాలిలో తిన్నగా పోవాలంటే వేగంగా తిరగాలి. 6.5 తూటాలకి 8 అంగుళాలకి ఒక చుట్టు, 7 మిల్లీమీటర్ల పీఆర్‌సీకీ 8 అంగుళాలకి ఒక చుట్టే. 1925లో వచ్చిన 270 విన్‌చెస్టర్ చాలా మంచి తూటా, కానీ పాత రైఫిళ్ళలో దాని మెలిక 10 అంగుళాలకి ఒక చుట్టు. 150 గ్రెయిన్లు దాటిన పొడవాటి బులెట్ అందులో స్థిరంగా ఉండదు, కాగితానికి అడ్డంగా తగిలి తాళంచెవి రంధ్రంలాంటి చిరుగు పెడుతుంది. రాగి బులెట్ అదే బరువుకి సీసందానికంటే పొడుగు కాబట్టి కాలిఫోర్నియావాళ్ళు మెలికని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మెలిక అంకె గొట్టం మీద చెక్కి ఉంటుంది లేదా కంపెనీ వివరాల్లో ఉంటుంది. చదవకుండా కొనకండి.

మ్యాగజైన్ లోపలి పొడవు కూడా చూడండి. 6.5 క్రీడ్‌మోర్ తూటా మొత్తం పొడవు 2.825 అంగుళాలు, చిన్న యాక్షన్‌లో (బోల్ట్, అది కదిలే లోహపు భాగం కలిపి యాక్షన్) సరిగ్గా పడుతుంది. 6.5 పీఆర్‌సీది 2.955, దానికి కాస్త పొడవైన మ్యాగజైన్ ఉండాలి. 7 మిల్లీమీటర్ల పీఆర్‌సీ, 300 మాగ్నమ్ 3.34 అంగుళాలు, పొడవు యాక్షన్ కావాల్సిందే.

బోల్ట్ చేతిలో పట్టుకుని చూడండి

కౌంటర్ దగ్గర రైఫిల్ చేతికిచ్చినప్పుడు ముందు బోల్ట్ తెరిచి చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితోనూ, వేలితోనూ చూడండి. తర్వాత పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి దించండి. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి భుజానికి ఆనించుకుని చెంప తీయకుండా.

బోల్ట్‌కి రెండు లగ్గులుంటే (బోల్ట్‌ని బిగించి ఉంచే పళ్ళు) పిడి 90 డిగ్రీలు ఎత్తాలి, మూడుంటే 60, 70 డిగ్రీలు చాలు. రెమింగ్టన్ 700, విన్‌చెస్టర్ మోడల్ 70, బెర్గారా బీ-14 మొదటి రకం. బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్, రూగర్ అమెరికన్ రెండో రకం. టిక్కా టీ3ఎక్స్‌ది రెండు లగ్గులతోనే 70 డిగ్రీలు. తక్కువ ఎత్తితే చాలన్నప్పుడు పిడి వేళ్ళకీ స్కోప్‌కీ మధ్య చోటు మిగులుతుంది. కానీ ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే పుల్ల) స్ప్రింగుని వెనక్కి నెట్టే పనంతా ఆ కొద్ది తిప్పులోనే జరగాలి కాబట్టి పిడి కాస్త బరువనిపిస్తుంది. కాల్చిన తూటా డొక్కు చాంబర్‌లో బిగుసుకుంటే 90 డిగ్రీల పిడి వదిలించడం తేలిక. చలిలో, చేతొడుగులతో పిడి ఎత్తి చూస్తే మీకు ఏది నప్పుతుందో తెలిసిపోతుంది.

తూటా లోపలికి వెళ్ళే తీరు రెండు రకాలు. మౌజర్ 98 పద్ధతిలో, మోడల్ 70 లాంటివాటిలో, తూటా మ్యాగజైన్ నుంచి పైకి రాగానే పెద్ద కొక్కెం దాని అంచుని పట్టుకుంటుంది. మిగతా చాలా రైఫిళ్ళలో బోల్ట్ తూటాని ముందుకి తోస్తుంది, పూర్తిగా మూశాకే కొక్కెం పట్టుకుంటుంది. తేడా ఎక్కడ బయటపడుతుందంటే, తొందరలో బోల్ట్‌ని ముందుకి తోసి, పిడి దించకుండానే మళ్ళీ వెనక్కి లాగినప్పుడు. మొదటి రకంలో తూటా బోల్ట్‌తో పాటు వెనక్కి వచ్చేస్తుంది. రెండో రకంలో చాంబర్‌లోనే ఉండిపోతుంది, మళ్ళీ తోస్తే రెండో తూటా మొన మొదటి దాని వెనక ప్రైమర్‌కి (మందుని అంటించే బిళ్ళకి) గుద్దుకుంటుంది. ఇరుక్కోవడమే కాదు, ప్రమాదం కూడా. అయితే రెండో రకం చెడ్డదని దీనర్థం కాదు, లక్షలమంది దాంతోనే వేటాడుతున్నారు. బోల్ట్‌ని ఎప్పుడూ పూర్తిగా, ఒకే ఊపున నడిపే అలవాటు చేసుకుంటే చాలు.

ట్రిగ్గర్ 2.5 నుంచి 3 పౌండ్ల మధ్య ఒత్తిడికి తెగాలి, సన్నటి గాజుపుల్ల విరిగినట్టు, ముందు జారుడు లేకుండా. చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు అంతకంటే తేలిక ట్రిగ్గర్ ప్రమాదం. సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ తెరిచి తూటా తీసే వీలుంటే మంచిది. మోడల్ 70 మూడు స్థానాల సేఫ్టీ, ఎక్స్-బోల్ట్ పిడి మీది బొత్తాం ఆ పని చేస్తాయి. తీసివేసే మ్యాగజైన్ సౌకర్యమే, కాకపోతే పోగొట్టుకుంటే మీ రైఫిల్ ఒక్కో తూటాదే. రెండోది బ్యాగ్‌లో ఉంచండి.

ఒంటికి సరిపోవాలి

దీని గురించి కొట్లో ఎవరూ అడగరు, అసలు గురి చెడేది ఎక్కువగా ఇక్కడే. అమెరికన్ రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే అంచు దాకా, మామూలుగా 13.5 అంగుళాలకి కాస్త అటూ ఇటూ. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి, మందపాటి చలికోటు మీద అది పొడుగు. స్టాక్ అంచుని మోచేతి మడతలో ఆనించి చెయ్యి చాపితే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద పడాలి. అందకపోతే స్టాక్ పొడుగు.

చెంప ఎత్తు ఇంకా ముఖ్యం. ఖాళీ రైఫిల్‌ని కళ్ళు మూసుకుని భుజానికెత్తి, చెంప సహజంగా ఆనిన చోట ఆనించి, కళ్ళు తెరవండి. స్కోప్ నిండా బొమ్మ కనిపిస్తే సరే. నల్లటి నెలవంక కనిపించినా, మెడ సాచాల్సి వచ్చినా ఆ స్టాక్ మీకు సరిపోలేదు. పెద్ద స్కోప్ పెట్టిన చాలా వేట రైఫిళ్ళలో చెంప గాల్లోనే ఉంటుంది. శావేజ్ 110 కొన్ని రకాల్లో చెంప ఎత్తు, పొడవు రెండూ మార్చుకునే ముక్కలిస్తారు. పొట్టివాళ్ళకి, ఆడవాళ్ళకి నేను ముందు చెప్పేది ఆ రైఫిలే. ఎడమచేతివాళ్ళకి శావేజ్, టిక్కా రెండూ ఎడమ బోల్ట్‌తో దొరుకుతాయి.

బరువు విషయంలో కొండలెక్కేవాళ్ళు 6 పౌండ్ల లోపు కార్బన్ ఫైబర్ రైఫిళ్ళ వైపు మొగ్గుతారు. అంత తేలిక రైఫిల్ కాల్చేటప్పుడు గుండె కొట్టుకుంటున్నా కదులుతుంది. ఉత్త రైఫిల్ 6.5 నుంచి 7.5 పౌండ్లు, స్కోప్, తూటాలు, బైపాడ్ (రెండు కాళ్ళ ఆసరా) కలిపి 9 పౌండ్ల దగ్గర ఉండేలా చూసుకోండి. గొట్టం 22 నుంచి 24 అంగుళాలు. ఒక్కో అంగుళం తగ్గితే వేగం 20 నుంచి 30 అడుగులు పోతుంది. సప్రెసర్ పెట్టే ఉద్దేశం ఉంటే 20కి దిగినా ఫర్వాలేదు.

స్టాక్ గొట్టాన్ని ఎక్కడా తాకకూడదు. డాలర్ నోటు ఒకటి గొట్టానికీ స్టాక్‌కీ మధ్య పెట్టి యాక్షన్ దాకా జరపండి. మధ్యలో ఆగిందా, అక్కడ తాకుతోంది. తర్వాత బైపాడ్ మీద బరువేసి మళ్ళీ జరపండి. చవక ప్లాస్టిక్ స్టాక్‌లు చాలావాటిలో మొదటిసారి నోటు జారుతుంది, రెండోసారి ఆగిపోతుంది. బల్లమీద బాగా కాల్చి, అడవిలో గురి పక్కకి పోయే రైఫిళ్ళలో చాలావాటి జబ్బు ఇదే. వాల్‌నట్ చెక్క అందంగా ఉంటుంది, తడికి ఉబ్బుతుంది, ఉబ్బితే తాకుతుంది.

నా ఓటు చెప్పమంటే, మొదటి రైఫిల్‌గా టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మోర్‌లో. బోల్ట్ నూనెలా జారుతుంది, గొట్టం నమ్మదగినది. బడ్జెట్ తక్కువైతే రూగర్ అమెరికన్ రెండో తరం, మిగిలిన డబ్బు స్కోప్‌కి, తూటాలకి. ముందుముందు గొట్టం, స్టాక్, ట్రిగ్గర్ మార్చుకునే ఆలోచన ఉంటే బెర్గారా బీ-14. అది రెమింగ్టన్ 700 కొలతల్లోనే ఉంటుంది కాబట్టి విడిభాగాలకి కొరత లేదు.

స్కోప్, బిగింపు, పరీక్ష

స్కోప్‌కి కనీసం రైఫిల్ ధరలో ముప్పావు వంతు పెట్టండి. అద్దాల మెరుపుకంటే తిప్పిన ప్రతిసారీ ఒకే కొలత కదలడం ముఖ్యం. మిల్ (కోణం కొలత) లెక్కలో ఒక్కో క్లిక్ 0.1 మిల్, అంటే 500 గజాల దగ్గర 1.8 అంగుళాలు. 100 గజాల దగ్గర సున్నా పెట్టుకునేవాళ్ళకి (ఆ దూరంలో గురిపెట్టిన చోటే బులెట్ పడేలా సరిచేసుకునేవాళ్ళకి) సున్నా దగ్గర ఆగే జీరో స్టాప్, సంచిలో ఒరుసుకుని తిరిగిపోకుండా తాళం పడే టరెట్ (స్కోప్ మీద తిప్పే గుండీ), రెండూ ఉండాలి. మాగ్నమ్ అయితే కంటికీ అద్దానికీ మధ్య 3.5 అంగుళాలకి తక్కువ వద్దు, కనుబొమ్మ చీలుతుంది.

బిగించడానికి టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) కొనండి, చేతి అంచనా వద్దు. స్కోప్‌ని పట్టి ఉంచే రింగుల పై స్క్రూలు 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు. ఎక్కువైతే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి యంత్రం బిగుసుకుంటుంది. యాక్షన్ స్క్రూలు అల్యూమినియం బెడ్డింగ్ (యాక్షన్ కూర్చునే దిమ్మ) ఉన్న స్టాక్‌కి 60, 65 దాకా చెప్తారు. ఉత్త చెక్కకి అంత బిగిస్తే చెక్క నలుగుతుంది, కంపెనీ చెప్పిన అంకెకే ఆగండి. స్క్రూ తల మీద, పక్క లోహం మీద కలిపి రంగు పెన్నుతో ఒక గీత గీస్తే, వదులైనప్పుడు గీత విడిపోయి కనిపిస్తుంది.

స్కోప్ తిప్పుడు పరీక్ష ఇలా చెయ్యండి. పొడవాటి అట్ట మీద తూకపుగుండు దారం ఆసరాగా 36 అంగుళాల నిలువు గీత గీయండి. 100 గజాల దగ్గర గీత కింది చివర గురిపెట్టి ఐదు తూటాలు కాల్చండి. గురి అక్కడే ఉంచి, టరెట్ 10 మిల్లులు పైకి తిప్పి మరో ఐదు. రెండో గుంపు (ఐదు చిల్లులూ కలిసిన చోటు) 36 అంగుళాలు పైకి, గీత మీదే పడాలి. 35 దగ్గర ఆగితే స్కోప్ తక్కువ కదులుతోంది, లెక్కలో దాన్ని కలుపుకోండి. గీతకి పక్కన పడితే స్కోప్ వంగి బిగించారు, విప్పి మళ్ళీ నిటారుగా పెట్టండి.

గుంపు చిన్నగా ఉందనడానికి మూడు తూటాలు సాక్ష్యం కాదు. అదే రైఫిల్ మూడేసి కాల్చితే సగటున 1 అంగుళం గుంపు ఇచ్చిందంటే, పది కాల్చితే 1.6 దాకా పెరుగుతుంది. రైఫిల్ చెడిపోలేదు, మొదటినుంచీ దాని నిజమైన వెడల్పు అంతే. సున్నా కూడా పది తూటాల మధ్యబిందువుని చూసే పెట్టండి. సన్నటి వేట గొట్టం నాలుగైదు తూటాలకే కాలిపోతుంది, గుంపు సాగుతుంది. గొట్టం మీద చెయ్యి పెట్టి హాయిగా ఉంచగలిగేదాకా ఆగి మళ్ళీ కాల్చండి. తూటా పెట్టె మీద రాసిన వేగాన్ని నమ్మకుండా క్రోనోగ్రాఫ్‌తో మీ గొట్టం వేగం కొలిచి, ఆ అంకెనే బాలిస్టిక్ యాప్‌లో (బులెట్ దిగుడు లెక్కేసే యాప్) వెయ్యండి. తర్వాత 300, 400, 500 గజాల దగ్గర నిజంగా కాల్చి సరిచూసుకోండి.

సున్నాకి దిగువ చలిలోకి వెళ్తుంటే బోల్ట్ లోపలి నూనె, గ్రీజు పూర్తిగా కడిగి, పలచగా పొడి లూబ్రికెంట్ రాయండి. చిక్కబడిన నూనెలో ఫైరింగ్ పిన్ నెమ్మదించి ప్రైమర్ మీద చిన్న గుంట మాత్రమే పెడుతుంది, తూటా పేలదు. అలా జరిగితే మొనని సురక్షితమైన వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు బోల్ట్ తెరవండి.

వేటకి రెండు నెలల ముందు నుంచి రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొదటి తూటాని బల్ల మీంచి కాకుండా, బ్యాగ్ మీద ఆనించో, కర్రల మీద ఆనించో, కూర్చునో కాల్చండి. చల్లటి గొట్టం, వేగంగా కొట్టుకునే గుండె, 8 అంగుళాల కాగితం ప్లేటు, ఒక్క తూటా. ప్లేటు వెనక తేదీ, దూరం, గాలి రాసి దాచండి. 300 గజాల దగ్గర పది ప్లేట్లలో తొమ్మిదింటికి చిల్లు పడితే 350కి జరపండి. తొమ్మిది పడనంతవరకు ఆ ముందు దూరమే ఈ ఏడాదికి మీ హద్దు. రైఫిల్ మీద ఏ క్యాలిబర్ చెక్కి ఉన్నా సరే.